రేవులో పిలుపు

హారతి పళ్ళెం పట్టుకున్న చెయ్యి కదలకుండా ఆగిపోయేసరికి హయగ్రీవానికి భయం వేసింది.

కర్పూరం వెలుగుతోంది. వెనక నిలుచున్నవాళ్ళు కళ్ళు మూసుకుని ఉన్నారు. ఎదురుగా ఉన్నది రోజూ చూసే చిన్న రాతి విగ్రహమే. కానీ ఆ వేళ దాని ముందు చెయ్యి తిప్పడం అబద్ధం చెప్పడంలా తోచింది. పళ్ళెం పక్కవాళ్ళ చేతికిచ్చి బయటికి వచ్చేశాడు. కళ్ళు తిరిగాయి కాబోలు అనుకున్నారు అందరూ.

ఆ ఆశ్రమం గోదావరి గట్టు మీద ఉండేది. ఆశ్రమం అంటే పెద్దదేం కాదు. నాలుగు తాటాకు పాకలు, ఒక మందిరం, వెనకాల కూరపాదులు. దానికి పెద్ద భిక్షమయ్యగారు. ఆయన వయసులో ఉండగా కాశీలో చాలాకాలం చదువుకున్నారని చెప్పుకునేవారు గానీ, ఆయన నోట శాస్త్రం మాట విన్నవాళ్ళు తక్కువ.

హయగ్రీవం మాత్రం శాస్త్రంలోనే పుట్టి పెరిగాడు. దిగువనున్న ఒక అగ్రహారం వాళ్ళది. తండ్రి దగ్గరే తర్కం చదివాడు. తండ్రి పోయినప్పుడు ఊళ్ళో పండితులందరూ వచ్చి ఓదార్పు మాటలు చెప్పి వెళ్ళారు. భిక్షమయ్యగారూ వచ్చారు. ఒక్క మాట మాట్లాడకుండా సాయంత్రం దాకా వాళ్ళ అరుగు మీద కూర్చుని లేచి వెళ్ళిపోయారు. ఆ కూర్చోవడం హయగ్రీవం మనసులో ఉండిపోయింది. నెల తిరక్కుండా మూట కట్టుకుని ఆశ్రమానికి వచ్చేశాడు.

వచ్చాక అతనికి అక్కడ అన్నీ నచ్చాయి, ఒక్క మనిషి తప్ప. ఆ మనిషి పేరు గవరయ్య. చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ వైద్యుడు. భిక్షమయ్యగారికి పాత స్నేహితుడు. రోజూ పొద్దువాటారేవేళకి వచ్చి చూరు కింద కూర్చుని ఆయనతో కబుర్లు చెప్పేవాడు. మందిరంలో గంట మోగగానే లేచి, తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయేవాడు. దేవుడు లేడన్నది అతని మాట. ఆ మాట దాచుకునేవాడు కాదు, ఎవరి నెత్తినా రుద్దేవాడూ కాదు.

అతను దేవుడు లేడనడం కన్నా, ఆ మాటకి గురువుగారు నవ్వి ఊరుకోవడం హయగ్రీవానికి ఎక్కువ కష్టంగా ఉండేది. గురువుగారు ఊరుకున్నా తాను ఊరుకోకూడదనుకున్నాడు. ఒక సాయంత్రం చూరు కిందికి వెళ్ళి వైద్యుడి ఎదురుగా కూర్చున్నాడు.

అతని వాదం పాతదే. కుండ ఉందంటే కుమ్మరి ఉండాలి. బట్ట ఉందంటే నేసినవాడుండాలి. ఈ లోకమూ అలా కూర్చినదే. కాబట్టి దీన్ని కూర్చినవాడొకడుండాలి. వైద్యుడు తేలిగ్గా ఒప్పుకోలేదు. కుమ్మరికి చేతులున్నాయి, మీవాడికి ఉన్నాయా అన్నాడు. అడవిలో చెట్టుని ఎవరు నాటారన్నాడు. ఒక ఇల్లు కట్టాలంటే పదిమంది కావాలి, లోకానికి ఒక్కడే ఎలా సరిపోయాడన్నాడు. హయగ్రీవం ఒక్కో ప్రశ్నకీ జవాబు చెప్పుకుంటూ వచ్చాడు. ఒక్కరోజుతో తేలలేదు. రోజూ గంట మోగేదాకా వాదన, మర్నాడు మళ్ళీ అక్కడినుంచే మొదలు. గురువుగారు పక్కనే కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ వినేవారు.

చివరికి ఒకరోజు వైద్యుడు చాలాసేపు ఆలోచించి తల పంకించాడు. తన దగ్గర ఇక అడగడానికేమీ మిగల్లేదన్నాడు. లోకాన్ని చేసినవాడొకడున్నాడని ఒప్పుకున్నానన్నాడు. అప్పుడే గంట మోగింది. ఎప్పటిలాగే లేచి, తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయాడు.

హయగ్రీవం తెల్లబోయాడు. మర్నాడు ఆగలేక అడిగేశాడు. ఒప్పుకున్నాక కూడా మందిరంలోకి ఎందుకు రారని.

"ఢిల్లీలో పాదుషా ఉన్నాడంటే ఒప్పుకుంటాను శాస్త్రీ" అన్నాడు వైద్యుడు. "మా ఇంటి చూరు కారితే ఆయన్ని పిలుస్తానా?"

ఆ మాటలో వెక్కిరింత లేదు. నిజంగానే అడిగినట్టుగా అడిగాడు. గెలిచానన్న సంతోషం అక్కడితో పోయింది.

అసలు దెబ్బ ఆ తరవాత తగిలింది. వాదంలో ఏం తక్కువైందో చూద్దామని దాన్ని మొదటినుంచీ మనసులో నడిపించుకుంటూ ఉంటే, ఒక తెల్లవారుజామున ఏటిలో మొలలోతు నీళ్ళలో నిలబడి ఉండగా, అతనికే దానిలో కన్నం కనబడింది. లోకం ఒకరు చేసినదే అని ముందే అనుకుని, ఆ తరవాత చేసినవాణ్ణి చూపించాడు తను. కుండ చెయ్యడం కళ్ళతో చూశాం. లోకాన్ని చెయ్యడం ఎవరు చూశారు? వైద్యుడికి అందని ప్రశ్న అతనికి అందింది. ఎన్ని విధాల చూసినా ఆ కన్నం పూడలేదు.

ఆ సాయంత్రమే హారతి పళ్ళెం పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది.

మర్నాడు గురువుగారి దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాడు. చిన్నప్పటినుంచీ తాను మొక్కింది దేవుడికా, తన వాదానికా అన్నది తనకే తెలియడం లేదన్నాడు. మొక్కింది వాదానికే అయితే అది కూలిపోయింది. ఆ కన్నం పూడేదాకా మందిరంలో నిలబడలేనన్నాడు. వెళ్ళిపొమ్మంటారేమోనని అతని భయం.

భిక్షమయ్యగారు అంతా విన్నారు.

"మంచిది. అబద్ధంగా నిలబడకు" అన్నారు.

ఆ రోజునుంచీ హారతి ఆయనే ఇచ్చారు. హయగ్రీవం కూరపాదులకి నీళ్ళు తోడుతూ, గంట మోగే వేళకి అక్కడే ఉండిపోయేవాడు. ఆయన ఇంకేమీ అడగలేదు. దానికి మందేమిటో కూడా చెప్పలేదు. ఏదో ఒకటి చెబితే బాగుండునని హయగ్రీవం రోజూ ఎదురుచూశాడు.

మాఘమాసంలో ఎదుటి లంకలో జ్వరాలు మొదలయ్యాయి. పైడిలంక అని, ఆశ్రమానికి ఎదురుగా పాయ దాటితే ఉంటుంది. గవరయ్య పెట్టె సర్దుకుని వెళ్ళి అక్కడే ఉండిపోయాడు. వారం పైగా చూరు కింద అతని చోటు ఖాళీగా ఉంది. ఒక మధ్యాహ్నం లంకకి పడవ నడిపే పోలయ్య కబురు తెచ్చాడు. ఇంటింటా ఒకరో ఇద్దరో పడుకున్నారని, వైద్యుడి దగ్గర మందు దినుసులు అయిపోయాయని. చెబుతూ చెబుతూ గుంజకి ఆనుకున్నాడు. అతని కళ్ళు కూడా ఎర్రగానే ఉన్నాయి. దినుసులు సిద్ధం చేసి ఉంచితే తెల్లవారగానే వచ్చి తీసుకువెళ్తానని చెప్పి వెళ్ళాడు.

ఆశ్రమంలో ఉన్నవాళ్ళంతా ఆ పూట గట్టు పొడుగునా తిరిగి తిప్పతీగ, నేలవేము కోసుకొచ్చారు. శొంఠి, మిరియాలు, ఉన్న బియ్యం మూటలు కట్టారు. దినుసులతోపాటు తామూ వెళ్దామని గురువుగారు హయగ్రీవంతో అన్నారు. అక్కడ గవరయ్య ఒక్కడే అయిపోయాడన్నారు.

తెల్లవారి మూటలు నెత్తిన పెట్టుకుని ఇద్దరూ రేవులోకి దిగారు. ఏరు లేదు. లంక లేదు. అంతా మంచు. కాళ్ళ దగ్గర నీళ్ళు మాత్రం చప్పుడు చేస్తున్నాయి. ఇవతలి ఒడ్డున పడవ లేదు.

భిక్షమయ్యగారు మూట దింపి, నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని పిలిచారు.

"ఓ... పోలయ్యా... పడవ తీసుకురా..."

పిలుపు మంచులోకి వెళ్ళిపోయింది. ఏమీ తిరిగిరాలేదు. ఆయన కాసేపు ఆగి మళ్ళీ పిలిచారు. మళ్ళీ ఆగారు. మళ్ళీ పిలిచారు.

హయగ్రీవం మొదట ఓపికగా నిలబడ్డాడు. తరవాత ఆలోచించడం మొదలుపెట్టాడు. ఆలోచించినదాన్ని చెప్పకుండా ఉండలేకపోయాడు. పొగ కనబడితే నిప్పుందంటాం. ఇక్కడ తెడ్డు చప్పుడు లేదు, మనిషి మాట లేదు, పడవ జాడ లేదు. పోలయ్య కళ్ళు చూస్తే అతనూ పడుకునే ఉంటాడు. ఇంత మంచులో అతను బాగున్నా పడవ తియ్యడు. ఏ విధంగా చూసినా అవతలి రేవులో ఎవరూ లేరనే అనుకోవాలి. ఎండ వచ్చాక చూద్దామన్నాడు.

"ఉండకపోవచ్చు" అన్నారు భిక్షమయ్యగారు. మళ్ళీ నోటికి చేతులు అడ్డం పెట్టుకుని పిలిచారు.

ఆయనకి పెద్దవయసు. చలిగాలి గొంతులో పడింది. దగ్గు తెర ఒకటి వచ్చి ఎంతకీ ఆగలేదు. అది తగ్గాక పిలవబోతే గాలి తప్ప మాట రాలేదు. ఆయన రాయి మీద కూర్చుని, శిష్యుడి వంక చూసి, ఏటి వైపు చెయ్యి చూపించారు.

"నువ్వు పిలు."

హయగ్రీవానికి సిగ్గేసింది. లేనివాణ్ణి పిలవడం ఎలాగో అతనికి తెలియదు. గురువు మాట కాదనలేక నోరు తెరిచి, ఎవరైనా చూస్తున్నారేమో అన్నట్టు, పోలయ్యా అన్నాడు.

"అది నాకు వినబడింది" అన్నారు భిక్షమయ్యగారు, పూడిపోయిన గొంతుతో. "నేనిక్కడే ఉన్నాను కదా."

హయగ్రీవం ఏటి వైపు తిరిగాడు. మోకాలి లోతుకి దిగాడు. ఈసారి కడుపులోంచి పిలిచాడు. ఒకసారి, ఇంకోసారి. తన గొంతు అంత పెద్దదని అతనికే తెలియదు. పిలుస్తూ ఉంటే గవరయ్య కళ్ళ ముందుకి వచ్చాడు. ఖాళీ అయిపోయిన మందుపెట్టె ముందు కూర్చుని ఉంటాడు. ఏ ఇంట్లోంచి ఎవరు వచ్చి పిలిచినా ఒట్టి చేతులు ఊపుకుంటూ వెళ్ళాలి. ఆ లంకలో తనకి పేర్లు కూడా తెలియనివాళ్ళు చాపల మీద పడుకుని ఉంటారు. వాళ్ళ మందు తాను మోసుకొచ్చిన మూటలో ఉంది.

ఎన్నిసార్లు పిలిచాడో అతను చూసుకోలేదు. మధ్యలో ఎప్పుడో, పిలిచిన ప్రతిసారీ ఊపిరి బిగబట్టి చెవి ఒగ్గుతున్నానని గమనించాడు. అవతల ఎవరూ లేరని గట్టిగా అనుకున్నవాడు చెవి ఒగ్గడు. కానీ ఆ సంగతి తేల్చుకునే తీరిక అప్పుడు లేదు. మళ్ళీ పిలిచాడు.

ఎడమ పక్కన, చాలా దూరంగా, నీళ్ళని ఎవరో అడ్డదిడ్డంగా కొడుతున్న చప్పుడు. తరవాత మనిషి గొంతు.

"ఆపకండి... పిలుస్తూనే ఉండండి..."

పడవ వాలుకి కొట్టుకుపోతోంది. ఒడ్డు ఎటుందో నడిపేవాడికి తెలియడం లేదు. హయగ్రీవం ఒడ్డు వెంబడి అటు పరిగెత్తుతూ, గొంతు పగిలేలా పిలుస్తూనే ఉన్నాడు. చప్పుడు దగ్గరైంది. మంచులోంచి పడవ ముక్కు బయటపడింది. తెడ్డు పట్టుకుని ఉన్నది పోలయ్య కాదు, వైద్యుడు గవరయ్య.

హయగ్రీవం నీళ్ళలోకి దిగి పడవని పట్టుకున్నాడు. వైద్యుడు తెడ్డు వదిలేసి ఆయాసపడుతూ కూర్చున్నాడు. అరచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి. పోలయ్య నిన్న లంక చేరుతూనే, ఇక్కడి కబురేమీ చెప్పకుండానే పడిపోయాడని చెప్పాడు. లంకలో తెడ్డు వెయ్యగలిగినవాళ్ళు ఎవరూ లేచే స్థితిలో లేరు. తాను చిన్నతనంలో ఎప్పుడో వేశాడు, అంతే.

"మొదట నా చెవులు హోరెత్తుతున్నాయేమో అనుకున్నాను" అన్నాడు. "నిద్రలేదు కదా. పిలిచేది ఎవరో తెలియదు, ఎందుకో తెలియదు. కానీ అంతసేపు పిలిచేవాళ్ళని ఎలా వదిలేస్తాం?"

పడవని ఒడ్డు వెంబడి రేవుదాకా లాక్కొచ్చి, గురువుగారిని పొదివి పట్టుకుని ఎక్కించారు. మూటలు సర్దారు. తెడ్డు హయగ్రీవం తీసుకున్నాడు. ఏటి ఒడ్డున పెరిగినవాడు, అది అతనికి వచ్చిన పనే. అవతలి రేవులో ఎవరో ఆగి ఆగి కంచుపళ్ళెం వాయిస్తున్నారు. తిరిగివచ్చేటప్పుడు దారి తెలియడానికి తానే వాయించమన్నానని వైద్యుడు చెప్పాడు. ఆ చప్పుడు పట్టుకుని పడవ నడిచింది.

సగం ఏరు దాటాక హయగ్రీవం అడిగాడు.

"గురువుగారూ, అవతల ఎవరైనా ఉన్నారని మీకెలా తెలిసింది?"

భిక్షమయ్యగారు తల అడ్డంగా ఊపారు.

"తెలియదు" అన్నారు.

ఇంకేమైనా అంటారని హయగ్రీవం చూశాడు. ఆయన ఒళ్ళో మూట పెట్టుకుని, తడిసిన ముడి విప్పుకుంటున్నారు.

రేవులో పళ్ళెం వాయిస్తున్న ఆవిడ పేరు నరసమ్మ. పడవ తగలగానే పళ్ళెం పక్కన పడేసి, వైద్యుడి చెయ్యి పట్టుకుని తన ఇంటికి నడిపించింది. ఆమె కూతురు నూకాలు పెళ్ళీడు పిల్ల. ఒక్కతే కూతురు. మూడు రోజులుగా కళ్ళు తెరవలేదు.

ఆ రోజంతా ఎవరికీ కూర్చునే తీరిక లేదు. గవరయ్య కషాయం కాచాడు. భిక్షమయ్యగారు నరసమ్మ అరుగు మీద రోలు పెట్టుకుని దినుసులు దంచారు. ఆయనకి గొంతు ఇంకా రాలేదు. హయగ్రీవం పెద్ద కుండలో గంజి కాచి ఇంటింటికీ తిరిగి తాగించాడు. కాళ్ళు కడిగాడు. బట్టలు ఉతికి ఆరేశాడు. అన్నిటికన్నా పోలయ్య దగ్గరా, నూకాలు దగ్గరా ఎక్కువసేపు ఉండవలసి వచ్చింది. వాళ్ళిద్దరిదీ తీవ్రమైన జ్వరం. నుదుటి మీద తడిగుడ్డ ఆరకుండా చూడాలన్నాడు వైద్యుడు.

మర్నాడు పొద్దున హయగ్రీవం గుడ్డ తడుపుతుంటే నరసమ్మ వచ్చి గుమ్మంలో కూర్చుంది. రాత్రంతా మేలుకున్న మొహం. కాసేపు కూతురి వంకే చూసింది.

"మీరు దేవుడి దగ్గరుండేవాళ్ళు కదా బాబూ" అంది. "మా పిల్ల సంగతి ఆయనకి చెప్పండి. వింటాడా ఆయన?"

హయగ్రీవం చేతిలో గుడ్డ ఆగింది. కుండ, కుమ్మరి, బట్ట, నేసినవాడు, మొత్తం వాదం నాలుక మీదికి వచ్చి నిలబడింది. దాని కన్నం కూడా దానితోపాటే వచ్చింది. కన్నం దాచి వాదం చెప్పవచ్చు. ఆమెకి తెలియదు. ధైర్యంగా ఉంటుంది కూడా.

అరుగు మీద రోకటి చప్పుడు ఆగింది. గురువుగారు వింటున్నారని తెలిసింది.

"నాకు తెలియదమ్మా" అన్నాడు హయగ్రీవం. "అడుగుతాను."

ఆ జవాబుకి ఆమె ఏమనుకుంటుందోనని భయపడ్డాడు. ఆమె తల ఊపి, అక్కడే గోడకి ఆనుకుని, వెంటనే నిద్రపోయింది. ఎన్నాళ్ళకో తన బరువు ఒకరికి అప్పగించినదానిలా.

రోకలి మళ్ళీ పడడం మొదలైంది.

హయగ్రీవం గుడ్డ పిండి పిల్ల నుదుటి మీద పరిచి, చాప పక్కన మఠం వేసుకుని కూర్చున్నాడు. చిన్నప్పటినుంచీ నోటికి వచ్చిన స్తోత్రాలు ఎన్నో ఉన్నాయి. ఒక్కటీ రాలేదు. ఈ పిల్లని లేపు, అన్నాడు లోపల. అది మరీ మొరటుగా ఉన్నట్టనిపించింది. అయినా అదే మళ్ళీ అన్నాడు. అవతల పోలయ్య కూడా ఉన్నాడు, అతన్నీ చూడు, అన్నాడు. ఎవరితో అంటున్నాడో అతనికి కనబడలేదు. గుడ్డ వేడెక్కగానే తీసి తడిపాడు. మళ్ళీ కూర్చున్నాడు.

వైద్యుడు నాడి చూడడానికి వచ్చి అతని పెదవులు కదలడం చూశాడు.

"గొణుక్కో, నాకేం అభ్యంతరం లేదు" అన్నాడు. "గుడ్డ మాత్రం ఆరనివ్వకు."

పోలయ్య ఆ మర్నాడు మధ్యాహ్నం చనిపోయాడు. లంకలో మొయ్యగలిగిన మగవాళ్ళు తక్కువ. హయగ్రీవం ఒక భుజం పట్టాడు. దహనం అయ్యాక ఏటిలో మునిగి, తడిబట్టలతో గట్టెక్కుతుంటే గవరయ్య ఎదురుపడ్డాడు. అతని మొహం వాడిపోయి ఉంది. పోలయ్యకి తన చేతిలో ఉన్న మందంతా ఇచ్చాడు. ఏదీ పనిచెయ్యలేదు.

"మీవాడు పోలయ్యని వదిలేశాడు శాస్త్రీ" అన్నాడు. ఎత్తిపొడుపు కాదు. అలసిపోయినవాడి మాట.

"అవునండీ" అన్నాడు హయగ్రీవం. "అప్పటినుంచీ అదే దెబ్బలాడుతున్నాను."

"ఎవరితో?"

హయగ్రీవం చటుక్కున ఆగిపోయాడు. ఏటి మీద ఎండ తెల్లగా ఉంది.

"నూకాలు గుడ్డ ఆరిపోయి ఉంటుంది. వెళ్తాను" అన్నాడు హయగ్రీవం.

వైద్యుడు పక్కకి జరిగి దారి ఇచ్చాడు.

నరసమ్మ ఇంటికి వెళ్ళేదాకా హయగ్రీవం ఏడుస్తూనే ఉన్నాడు. అడిగినది జరగలేదు. తర్కంలో అయితే మాట అక్కడితో తేలిపోవాలి. ఇక అడగడం మానెయ్యాలి. గుమ్మంలో కాళ్ళు కడుక్కుని, లోపలికి వెళ్ళి, గుడ్డ తడిపి పరిచి, చాప పక్కన కూర్చున్నాడు. కోపంగానే కూర్చున్నాడు. పోలయ్య గురించి అనవలసిన మాటలన్నీ అన్నాడు. అవి అయిపోయాక, ఈ పిల్ల ఇంకా ఉంది, అన్నాడు.

ఆ మాట అన్నాక అతనికి గుండెలో బరువు కొంచెం తగ్గినట్టయింది. ఎందుకో తెలియలేదు. మందిరంలో హారతి ఇచ్చిన ఇన్నేళ్ళలో ఎప్పుడూ ఇంత దగ్గరగా ఎవరితోనూ మాట్లాడలేదనిపించింది.

ఆ తరవాతి రోజు సాయంత్రం ఎండ వాలుతుండగా నూకాలు నుదుటి మీద చెమట పోసింది. ముందు పైపెదవి మీద, తరవాత మెడ దగ్గర, ఆ తరవాత ఒళ్ళంతా. హయగ్రీవం చెయ్యి పెట్టి చూశాడు. నమ్మకం కలగక రెండో చెయ్యి పెట్టి చూశాడు. పిల్ల కళ్ళు తెరిచి, ఈ మనిషెవరా అన్నట్టు చూసి, దాహం అంది.

నరసమ్మ నీళ్ళచెంబుతో పరిగెత్తుకొచ్చింది. ఆ తొందరలో సగం నీళ్ళు చాప మీదే ఒలికాయి. గవరయ్య వచ్చి నాడి పట్టుకుని చాలాసేపు చూశాడు. తరవాత ఆ పిల్ల చెయ్యి జాగ్రత్తగా చాప మీద పెట్టి, లేచి బయటికి వెళ్ళి, పందిరి గుంజ పట్టుకుని నిలబడ్డాడు. అతను మొహం తుడుచుకోవడం హయగ్రీవం చూశాడు.

భిక్షమయ్యగారు అరుగు మీదే ఉన్నారు. దంచిన పొడి జల్లెడ పడుతున్నారు. హయగ్రీవం వచ్చి ఆయన ఎదురుగా నిలబడ్డాడు. అతని కళ్ళలో నీళ్ళున్నాయి. నవ్వూ ఉంది. అయినా అతను చదివిన చదువు ఊరుకోలేదు.

"గురువుగారూ, నూకాలికి జ్వరం విడిచింది" అన్నాడు. "అడిగినందువల్లనో, కషాయం వల్లనో, నేను తేల్చి చెప్పలేను."

భిక్షమయ్యగారు జల్లెడ పక్కన పెట్టి తల ఎత్తారు. గొంతు అప్పటికి కొంచెం వచ్చింది.

"ఎవరు తేల్చమన్నారు నాయనా?" అన్నారు. "పక్కింట్లో వీర్రాజు పొద్దుటినుంచీ లేవలేదు. గంజి పట్టుకురా."

ఆయన లేచి ముందు నడిచారు. హయగ్రీవం గంజికుండ భుజానికెత్తుకుని వెనకాల నడిచాడు. వీర్రాజు గుమ్మం చేరేసరికే అతని పెదవులు కదులుతున్నాయి.